అంజయ్యగారు – మూడు ఉపఎన్నికలు

మన సంఘం ప్రత్యేక సంచికకు మన ప్రాంతంతో సంబంధమున్న ఒక ప్రముఖుని జీవితం గురించి నాలుగు పేజీలు రాయవలసిందిగా కార్యదర్శిగారు కోరారు. అడిక్‌మెట్‌లో చాలా ఏళ్ళుగా నివాసముంటున్నవాడిని కనుక నాకు వెంటనే తట్టిన పేరు కీర్తిశేషులు టంగుటూరి అంజయ్యగారిది. ఈనాటి అడిక్‌మెట్ డివిజన్ ముషీరాబాద్ శాసనసభ నియోజకవర్గంలో ఒక భాగం. ఆ ముషీరాబాద్ పేరు చెబితే మన వయసువారికి ముందుగా గుర్తుకొచ్చే వ్యక్తి ఆయనే.

ఆయనను ఎంచుకోవడానికి ఇంకొక కారణం కూడా ఉంది. ఉద్యోగకాలంలో నేను చాలాసార్లు ఎన్నికల డ్యూటీ చేశాను. సాధారణ ఎన్నికల గురించి పుస్తకాలు, పత్రికలు ఎంతో రాస్తాయి. ఉపఎన్నికలకు మాత్రం ఫలితాల పట్టికలో అడుగున ఒక చిన్న వరుస కేటాయించి ఊరుకుంటారు. కాని మన రాష్ట్ర శాసనసభ చరిత్రలో కొన్ని ముఖ్యమైన మలుపులు ఆ చిన్న వరుసల్లోనే దాగి ఉన్నాయి. అంజయ్యగారి జీవితాన్ని తీసుకుంటే, ఆయన బతికుండగా ఒకటి, పోయిన తర్వాత రెండు, మొత్తం మూడు ఉపఎన్నికలు ఆయన పేరుతో ముడిపడి ఉన్నాయి. ఈ మూడూ వరుసగా చూస్తే ఉపఎన్నిక ఒక నాయకునికి ఏమివ్వగలదో, ఏమివ్వలేదో తెలుస్తుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది అదే.

కార్ఖానా నుంచి శాసనసభకు

అంజయ్యగారు 1919 ఆగస్టు 16న జన్మించారు. మెదక్ జిల్లా మూలాలున్న సామాన్య కుటుంబం. హైదరాబాద్‌లో సుల్తాన్ బజార్ పాఠశాలలో చదువుకున్నారు. ఇంటి పరిస్థితుల వల్ల చదువు కొనసాగించే వీలు లేక ఆల్విన్ కార్ఖానాలో రోజుకు ఆరణాల కూలికి పనిలో చేరారు.

ఆల్విన్ అంటే మన తరానికి వేరే చెప్పనక్కరలేదు. 1942లో మెటల్ వర్క్స్‌గా మొదలైన ఆ సంస్థ తర్వాతి రోజుల్లో ఫ్రిజ్‌లు, చేతి గడియారాలు తయారుచేసింది. మనం ఎక్కి తిరిగిన డబుల్ డెక్కర్ బస్సులకు బాడీలు కట్టింది కూడా అదే. ఆ కార్ఖానాలో పనివాడుగా చేరిన అంజయ్యగారు కొద్దికాలంలోనే కార్మికుల తరఫున మాట్లాడే మనిషి అయ్యారు. జీతం, సెలవు, గాయపడితే పరిహారం వంటి చిన్న చిన్న విషయాలపై యాజమాన్యంతో బేరసారాలాడటం అక్కడే నేర్చుకున్నారు. పెద్ద చదువులు లేకపోయినా మనుషులను పేరుపెట్టి గుర్తుపట్టడం, కష్టసుఖాలు విచారించడం ఆయనకు సహజంగా అబ్బిన విద్య. ఆ విద్యే ఆయన పెట్టుబడి.

అప్పటి ముషీరాబాద్ ప్రాంతం ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకు ఊహకందదు. ఆజమాబాద్ పారిశ్రామికవాడ, వజీర్ సుల్తాన్ పొగాకు కంపెనీ, కవాడిగూడలో ప్రాగా టూల్స్, దిగువ ట్యాంక్‌బండ్ దగ్గర డి.బి.ఆర్. మిల్లు... షిఫ్టు మారే వేళకు సైరన్ మోగితే సైకిళ్ళతో రోడ్లు నిండిపోయేవి. ఆ సైరన్లను బట్టి ఇళ్ళలో గడియారాలు సరిచేసుకునేవారు. రాంనగర్, అడిక్‌మెట్, బాకారం, భోలక్‌పూర్ బస్తీల్లో కార్మిక కుటుంబాలు, వాటి పక్కనే మనలాంటి గుమాస్తాల కుటుంబాలు కలసిమెలసి ఉండేవి. 1952లో హైదరాబాద్ రాష్ట్ర శాసనసభకు జరిగిన మొదటి ఎన్నికల్లో ఇక్కడి నుంచి జి.ఎస్. మేల్కోటేగారు గెలిచారు. బూర్గుల రామకృష్ణారావుగారి మంత్రివర్గంలో ఆర్థిక మంత్రిగా పనిచేసిన ఆయనకు కూడా కార్మికోద్యమంతో సంబంధం ఉండేది. అంటే కార్మిక నాయకుణ్ణి శాసనసభకు పంపడం ముషీరాబాద్‌కు మొదటి నుంచీ ఉన్న అలవాటే.

1962లో అంజయ్యగారు ముషీరాబాద్ నుంచి కాంగ్రెసు అభ్యర్థిగా శాసనసభకు ఎన్నికయ్యారు. 1967లోను, 1972లోను తిరిగి గెలిచారు. రాష్ట్ర కార్మిక మంత్రిగా పనిచేశారు. రోజుకూలి నుంచి కార్మిక మంత్రి దాకా సాగిన ఆ ప్రయాణంలో ఆయన మాటతీరు గాని, వేషం గాని పెద్దగా మారలేదు. ఉర్దూ కలిసిన నగరపు తెలుగే మాట్లాడేవారు. ఆ మాటతీరును చూసి చదువుకున్నవారిలో కొందరు నవ్వుకునేవారు. బస్తీల్లో మాత్రం అది తమ మాటే కాబట్టి ఎవరూ నవ్వలేదు.

1978లో ఓటమి

1978 నాటికి దేశంలో రాజకీయాలు తారుమారయ్యాయి. అత్యవసర పరిస్థితి తర్వాత కేంద్రంలో జనతా ప్రభుత్వం వచ్చింది. కాంగ్రెసు రెండుగా చీలింది. మన రాష్ట్రంలో ఇందిరా కాంగ్రెసు 294 స్థానాల్లో 175 గెలిచి డా. మర్రి చెన్నారెడ్డిగారి నాయకత్వంలో ప్రభుత్వం ఏర్పరచింది. ఆ ఎన్నికల్లోనే ముషీరాబాద్‌లో ఎవరూ ఊహించని ఫలితం వచ్చింది. జనతా పార్టీ అభ్యర్థి నాయిని నరసింహారెడ్డిగారి చేతిలో అంజయ్యగారు ఓడిపోయారు.

నాయినిగారు కూడా కార్మిక నాయకుడే. సోషలిస్టు భావాలు గలవారు. హింద్ మజ్దూర్ సభ తరఫున పొగాకు కంపెనీ కార్మికులలో పనిచేశారు. ఒక కార్మిక నాయకుణ్ణి కాదని ఇంకొక కార్మిక నాయకుణ్ణి ఎన్నుకున్నారంటే ముషీరాబాద్ తన స్వభావాన్ని మార్చుకోలేదు, మనిషిని మార్చుకుంది. ఈ ఇద్దరి పోటీ అక్కడితో ముగియలేదు. దాని ముగింపు ముప్ఫై ఏళ్ళ తర్వాత వచ్చింది. ఆ సంగతి చివర్లో చెబుతాను.

ఉపఎన్నిక ఎందుకు వస్తుంది

ముందుకు వెళ్ళేలోగా ఉపఎన్నికల కథ కొంచెం చెప్పుకోవాలి. సభ్యుడు మరణించినా, రాజీనామా చేసినా, అతని ఎన్నికను కోర్టు రద్దు చేసినా, ఒకటి కంటే ఎక్కువచోట్ల గెలిచి ఒక్కటే ఉంచుకోవలసి వచ్చినా స్థానం ఖాళీ అవుతుంది. ఎన్.టి. రామారావుగారు 1983లో గుడివాడ, తిరుపతి రెండింటా గెలిచి గుడివాడ ఉంచుకున్నారు. 1985లో గుడివాడ, హిందూపురం, నల్గొండ మూడింటా గెలిచి హిందూపురం ఉంచుకున్నారు. 1996లో చట్టం సవరించిన తర్వాత ఒక వ్యక్తి రెండు స్థానాలకు మించి పోటీ చేయడానికి వీల్లేదు. ఖాళీ అయిన స్థానాన్ని ఆరు నెలల్లోగా నింపాలన్న నిబంధన కూడా 1996లోనే వచ్చింది. మిగిలిన కాలవ్యవధి ఏడాదికంటే తక్కువ ఉంటేను, ఆ గడువులో ఎన్నిక జరపడం కష్టమని ఎన్నికల సంఘం కేంద్ర ప్రభుత్వాన్ని సంప్రదించి ధ్రువీకరిస్తేను మాత్రం మినహాయింపు. అంతకుముందు ఇటువంటి గడువేదీ చట్టంలో లేదు.

వీటన్నిటికంటే వేరైనది ఇంకొక రకం ఉంది. సభలో సభ్యుడు కాని వ్యక్తి మంత్రి కావచ్చు, ముఖ్యమంత్రి కూడా కావచ్చు. కాని రాజ్యాంగం 164వ అధికరణం ప్రకారం ఆరు నెలల్లోగా ఉభయసభల్లో ఏదో ఒకదానికి ఎన్నిక కావాలి. లేకపోతే పదవి పోతుంది. అటువంటప్పుడు స్థానం దానంతటది ఖాళీ కాదు. ఖాళీ చేయించాలి. సొంత పార్టీ సభ్యుడెవరో రాజీనామా చేస్తే, ఆ స్థానంలో ఉపఎన్నిక జరిపి, పదవిలో ఉన్న వ్యక్తి పోటీ చేస్తారు. అంజయ్యగారికి వచ్చినది ఈ రకం ఉపఎన్నిక.

రామాయంపేట, 1981

ముషీరాబాద్‌లో ఓడిన తర్వాత అంజయ్యగారు ఢిల్లీ రాజకీయాల్లోకి వెళ్ళారు. 1980లో రాజ్యసభ సభ్యులయ్యారు. శ్రీమతి ఇందిరాగాంధీ ప్రభుత్వంలో కేంద్ర కార్మిక శాఖ సహాయమంత్రి అయ్యారు. ఆ ఏడాది అక్టోబరులో రాష్ట్రంలో చెన్నారెడ్డిగారు దిగిపోవలసి వచ్చినప్పుడు అధిష్ఠానవర్గం అంజయ్యగారిని ఎంపిక చేసింది. 1980 అక్టోబరు 11న ఆయన ముఖ్యమంత్రిగా ప్రమాణస్వీకారం చేశారు. అప్పటికి ఆయన రాష్ట్ర శాసనసభలో సభ్యుడు కారు. రెండున్నరేళ్ళ క్రితం ఓడిపోయిన మనిషి. 1981 ఏప్రిల్ రెండోవారంలోగా ఎక్కడో ఒకచోట గెలవాలి.

అప్పట్లో రాష్ట్రంలో శాసనమండలి ఉండేది. ఆయన తర్వాత వచ్చిన భవనం వెంకట్రామ్‌గారు మండలి సభ్యులుగానే ముఖ్యమంత్రి అయ్యారు. అంజయ్యగారు మాత్రం ప్రజల ఓటుతోనే శాసనసభకు రావాలనుకున్నారు. ముషీరాబాద్ స్థానం నాయినిగారి చేతిలో ఉంది. అది ఖాళీ అయ్యే ప్రశ్నే లేదు. మెదక్ జిల్లా రామాయంపేట సభ్యుడు రాజీనామా చేసి దారి ఇచ్చారు. 1981లో జరిగిన ఉపఎన్నికలో అంజయ్యగారు అక్కడ గెలిచి శాసనసభ్యులయ్యారు. నగరపు కార్మికుల మధ్య పెరిగిన నాయకుడు చెరువులు, మెట్టపొలాలు, బీడీ కార్మికులు గల గ్రామీణ నియోజకవర్గానికి ప్రతినిధి అయ్యారు.

ముఖ్యమంత్రి పోటీ చేసే ఉపఎన్నిక ఎలా ఉంటుందో డ్యూటీ చేసిన మనవారికి తెలుసు. సాధారణ ఎన్నికల్లో రాష్ట్రమంతా పంచుకునే హడావిడి అంతా ఒక్క నియోజకవర్గంలోకి వచ్చిపడుతుంది. గెస్ట్‌హౌసుల్లో గది దొరకదు. జీపులకు లెక్క ఉండదు. కాని పోలింగు స్టేషను లోపల మాత్రం పని ఎప్పటిలాగే ఉంటుంది. ఆ రోజుల్లో ఇనప పెట్టెలు, లక్క సీళ్ళు, కొవ్వొత్తి, బ్యాలట్ పత్రాల కట్టలు, స్వస్తికం గుర్తు ముద్ర, ఓటర్ల జాబితా, సిరా సీసా... అన్నీ డిస్ట్రిబ్యూషన్ సెంటర్లో లెక్కచూసి సంతకం పెట్టి తీసుకోవాలి. రాత్రి బడిలో బెంచీల మీద పడుకుని, తెల్లవారకముందే లేచి ఏజెంట్ల ఎదుట ఖాళీ పెట్టె చూపించి సీలు వేయాలి. ఒక్కొక్కసారి పాత సిరా గుర్తు చెరగకముందే ఉపఎన్నిక వస్తే వేరే వేలికి సిరా పెట్టమని ఉత్తర్వులు వచ్చేవి. బయట మంత్రులు ఎంతమంది మకాం వేసినా లోపల ముఖ్యమంత్రికి ఒక గుర్తు, ఆయన ప్రత్యర్థికి ఒక గుర్తు. అంతే. ఆ సమానత్వాన్ని కాపాడేది మనలాంటి చిన్న ఉద్యోగులే అన్న సంగతి నాకెప్పుడూ గర్వంగానే ఉంటుంది.

కుర్చీ దక్కింది, బలం దక్కలేదు

రామాయంపేట గెలుపుతో అంజయ్యగారి పదవికి రాజ్యాంగపరమైన చిక్కు తొలగింది. కాని రాజకీయమైన చిక్కు తొలగలేదు. 1978లో గెలిచిన శాసనసభ్యులు ఎవరి వెనుక గెలిచారో వారి వైపే చూస్తున్నారు. ఆయన ఎన్నిక వేళ తన వెంట గెలిపించుకు వచ్చిన సభ్యుడు ఒక్కడూ లేడు. తనకే ఇంకొకరు స్థానం ఇవ్వవలసి వచ్చింది. అందుకని అందరినీ సంతృప్తిపరచవలసిన పరిస్థితి ఏర్పడింది. మంత్రివర్గం పెరిగి పెరిగి 61 మందికి చేరింది. పత్రికలు దానికి జంబో మంత్రివర్గమని పేరుపెట్టాయి. ఆ వ్యంగ్యచిత్రాలు మనలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. తర్వాత అధిష్ఠానం ఆదేశంతో సంఖ్య తగ్గించవలసి వచ్చింది. తగ్గించబడినవారికి కోపం, ఉన్నవారికి అనుమానం మిగిలాయి. 2003లో వచ్చిన 91వ రాజ్యాంగ సవరణ ప్రకారం మంత్రుల సంఖ్య సభ్యుల సంఖ్యలో 15 శాతానికి మించకూడదు. 294 మంది సభకు అది 44. ఆ నిబంధన అప్పుడే ఉంటే అంజయ్యగారికి అడిగినవారందరికీ కాదని చెప్పడానికి ఒక చట్టమైనా దొరికేది.

అంతమాత్రం చేత ఆయన పాలనను జంబో అన్న ఒక్క మాటతో కొట్టిపారేయడం న్యాయం కాదు. 1970 తర్వాత వాయిదా పడుతూ వచ్చిన గ్రామ పంచాయతీ ఎన్నికలు 1981లో ఆయన హయాంలో జరిగాయి. పదకొండేళ్ళుగా గ్రామాల్లో ఆగిపోయిన ఓటు మళ్ళీ కదిలింది. తాను స్వయంగా ఓటర్ల ముందుకు వెళ్ళి వచ్చిన ఏడాదే గ్రామాలను కూడా ఓటుకు పంపిన ముఖ్యమంత్రి ఆయన.

1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో జరిగిన సంఘటన అందరికీ తెలిసినదే. రాజీవ్‌గాంధీగారు వచ్చినప్పుడు స్వాగతానికి జనం, బాజాభజంత్రీలు ఎక్కువయ్యాయని ఆయన ముఖ్యమంత్రిని అందరి ఎదుటా మందలించారు. అరవై ఏళ్ళు దాటిన ముఖ్యమంత్రిని, వయసులో పాతికేళ్ళు చిన్నవాడైన ఎం.పి. అలా మాట్లాడటం రాష్ట్రమంతటా బాధ కలిగించింది. అంతవరకు అంజయ్యగారి మాటతీరును వెక్కిరించినవారు కూడా ఆ రోజు ఆయన పక్షాన నిలిచారు. కాని పార్టీలో ఆయన పక్షాన నిలిచినవారు లేరు. ఆ నెలలోనే, ఫిబ్రవరి 24న, ఆయన పదవి నుంచి తప్పుకున్నారు. ఉపఎన్నిక ద్వారా వచ్చిన శాసనసభ్యత్వం చెక్కుచెదరకుండా ఉంది. ముఖ్యమంత్రి పదవి మాత్రం ఢిల్లీ ఇచ్చినది ఢిల్లీయే తీసుకుంది.

1982 మార్చి 29న ఎన్.టి. రామారావుగారు తెలుగుదేశం పార్టీని స్థాపించారు. తెలుగువారి ఆత్మగౌరవం ఆ పార్టీ నినాదమైంది. 1983 జనవరి ఎన్నికల్లో 200కు పైగా స్థానాలు గెలిచి అధికారంలోకి వచ్చింది. విమానాశ్రయంలో అంజయ్యగారు మౌనంగా భరించిన ఆ కొద్ది నిమిషాలు కాంగ్రెసుకు రాష్ట్రంలో అధికారం పోవడానికి ఒక కారణమయ్యాయి. ఆ కొత్త ప్రభుత్వమే 1983 ఫిబ్రవరిలో మన పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించింది. మన సంఘంలోని పెద్దల్లో కొందరు ఆ ఒక్క ఉత్తర్వుతో ఇంటికి వెళ్ళినవారే. రాజకీయాలు మనకెందుకు అనుకునే ఉద్యోగుల ఇంటి గడప దాకా అవి ఎలా వస్తాయో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

సికింద్రాబాద్, 1987

పదవి పోయిన అంజయ్యగారు ఇంట్లో కూర్చోలేదు. 1984 డిసెంబరు లోక్‌సభ ఎన్నికల్లో సికింద్రాబాద్ నుంచి పోటీ చేశారు. దేశమంతటా కాంగ్రెసు గాలి వీచినా మన రాష్ట్రంలో తెలుగుదేశం 42 స్థానాల్లో 30 గెలిచింది. కాంగ్రెసుకు దక్కినవి ఆరు. పి.వి. నరసింహారావుగారంతటివారు హనుమకొండలో ఓడిపోయారు. ఆ ఆరింటిలో ఒకటి అంజయ్యగారి సికింద్రాబాద్. ఈసారి ఎవరూ రాజీనామా చేసి ఇచ్చిన స్థానం కాదు. తాను పుట్టి పెరిగిన బస్తీల మధ్య, తనకు తెలిసిన జనం వేసిన ఓట్లు. తనను మందలించిన రాజీవ్‌గాంధీగారి ప్రభుత్వంలోనే కేంద్ర కార్మిక శాఖ సహాయమంత్రిగా చేరారు. ఆరణాల కూలితో మొదలైన మనిషి చివరిదాకా కార్మిక శాఖతోనే ఉన్నారు. 1986 అక్టోబరు 19న కన్నుమూశారు.

ఆయన మరణంతో ఖాళీ అయిన సికింద్రాబాద్‌కు 1987లో ఉపఎన్నిక జరిగింది. ఆయన సతీమణి శ్రీమతి మణెమ్మగారు కాంగ్రెసు అభ్యర్థిగా నిలబడ్డారు. రాష్ట్రంలో రామారావుగారి ప్రభుత్వం బలంగా ఉన్న కాలం. సాధారణంగా ఉపఎన్నికల్లో అధికారపక్షానికే మొగ్గు ఉంటుందంటారు. అయినా మణెమ్మగారు గెలిచారు. 1989 సాధారణ ఎన్నికల్లో మళ్ళీ గెలిచారు. మరణించిన సభ్యుని భార్యను గెలిపించడం సానుభూతి మాత్రమేనని కొందరు తేలికగా అంటారు. సానుభూతి ఊరికే రాదు. ఆ మనిషి తమ ఇంటికి వచ్చాడని, తమ పని చేసిపెట్టాడని ఎవరైనా గుర్తుపెట్టుకుంటేనే వస్తుంది.

ముషీరాబాద్, 2008

ఇక మూడవది. 2008 మార్చిలో ప్రత్యేక తెలంగాణ రాష్ట్రం కోసం తెలంగాణ రాష్ట్ర సమితి శాసనసభ్యులు, లోక్‌సభ సభ్యులు రాజీనామాలు చేశారు. మే 29న 18 శాసనసభ స్థానాలకు, నాలుగు లోక్‌సభ స్థానాలకు ఉపఎన్నికలు జరిగాయి. ఒక్కసారిగా ఇన్ని స్థానాలకు, అదీ ఒక ఆశయం పేరుతో ఉపఎన్నికలు రావడం అరుదు. అంజయ్యగారి జీవితంలోని రెండు నియోజకవర్గాలు, ఆయనను ఓడించిన ముషీరాబాద్, ఆయనకు చోటిచ్చిన రామాయంపేట, రెండూ ఆ పద్దెనిమిదిలో ఉన్నాయి.

ముషీరాబాద్‌లో రాజీనామా చేసి తిరిగి పోటీకి దిగినవారు నాయిని నరసింహారెడ్డిగారు. ఆయనపై కాంగ్రెసు నిలబెట్టింది మణెమ్మగారిని. 1978లో భర్తను ఓడించిన అభ్యర్థితో ముప్ఫై ఏళ్ళ తర్వాత భార్య పోటీ పడ్డారు. మన వీధుల్లో ఆ మేనెల ఎండలో రెండు పక్షాల జీపులు తిరుగుతుంటే, పాత కార్మికులలో కొందరు 1978 సంగతులు పిల్లలకు చెబుతూ కనిపించారు. మణెమ్మగారు గెలిచారు. 2009 సాధారణ ఎన్నికల్లోను ముషీరాబాద్ ఆమెనే ఎన్నుకుంది. తెలంగాణ రాష్ట్ర సమితి ఆ ఉపఎన్నికల్లో ఏడు శాసనసభ స్థానాలు మాత్రమే నిలబెట్టుకోగలిగింది. రామాయంపేట కూడా దానికి దక్కలేదు. ఆ నియోజకవర్గమే 2009లో పునర్విభజనతో రద్దయింది.

అయితే ఆ ఓటమితో కథ ముగియలేదు. 2010 జూలైలో మళ్ళీ రాజీనామాలతో వచ్చిన 12 ఉపఎన్నికల్లో తెలంగాణ రాష్ట్ర సమితి 11 గెలిచింది. ఉపఎన్నికల్లో పడిన ఓటు పైవారికి ఏమి చెబుతుందో అప్పుడు తెలిసింది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. నాయినిగారు కొత్త రాష్ట్రానికి మొదటి హోంమంత్రి అయ్యారు. 2020 అక్టోబరులో ఆయన కూడా స్వర్గస్థులయ్యారు. ఒక కార్మిక నాయకుడు ముఖ్యమంత్రి, ఇంకొక కార్మిక నాయకుడు హోంమంత్రి. ఒక్క ముషీరాబాద్ ఇద్దరినీ ఓడించింది, ఇద్దరినీ పెంచింది.

మన పక్కనున్న చిక్కడపల్లి, నారాయణగూడ మిత్రులకు ఇంకొక మాట. వారి పాత హిమాయత్‌నగర్ నియోజకవర్గంలో ఆలె నరేంద్రగారు 1983లోను, 1992లోను ఉపఎన్నికల ద్వారానే శాసనసభలో అడుగుపెట్టారు. మన రెండు పేటలూ ఉపఎన్నికల చరిత్రలో చోటు సంపాదించుకున్నవే.

చివరిగా

అంజయ్యగారి వంటి దారిలోనే తర్వాత మరికొందరు వచ్చారు. 1991లో ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావుగారు అప్పటికి ఏ సభలోను సభ్యులు కారు. నంద్యాల లోక్‌సభ ఉపఎన్నికలో గెలిచారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడన్న కారణంతో తెలుగుదేశం అక్కడ అభ్యర్థిని నిలపలేదు. 1992లో ఢిల్లీ నుంచి ముఖ్యమంత్రిగా వచ్చిన కోట్ల విజయభాస్కరరెడ్డిగారికి పాణ్యం సభ్యుడు స్థానం ఖాళీ చేశారు. 1993లో అక్కడ గెలిచారు. 1994 సాధారణ ఎన్నికల్లో మాత్రం ఆయన నాయకత్వంలోని కాంగ్రెసు 26 స్థానాలకు పరిమితమైంది. ఇంకొకరు ఖాళీ చేసిన స్థానం నుంచి వచ్చిన గెలుపు పదవిని నిలబెడుతుంది గాని పార్టీని, ప్రభుత్వాన్ని నిలబెట్టలేదు. రామాయంపేట చెప్పిన పాఠాన్నే పాణ్యం మళ్ళీ చెప్పింది.

సికింద్రాబాద్, ముషీరాబాద్ ఉపఎన్నికలు చెప్పినది వేరు. అంజయ్యగారు పోయిన ఏడాదికి ఒకసారి, ఇరవై రెండేళ్ళకు ఇంకోసారి ఆ కుటుంబాన్ని గెలిపించినది అధిష్ఠానం కాదు. కార్ఖానా గేటు దగ్గర, బస్తీ పంపు దగ్గర ఆయన సంపాదించుకున్న పరిచయాలు. పదవిలో ఉండగా ఆయనకు దొరకని బలం పోయిన తర్వాత దొరికింది. దాన్ని ఇచ్చినవారు మాత్రం మొదటి నుంచీ ఇక్కడే ఉన్నారు.

ఈ రోజున హుస్సేన్‌సాగర్ ఒడ్డున లుంబినీ పార్కుకు అంజయ్యగారి పేరుంది. ఇందిరాపార్కు నుంచి పొగాకు కంపెనీ చౌరస్తా దాకా 2023లో ప్రారంభమైన ఉక్కు వంతెనకు నాయినిగారి పేరుంది. సాయంకాలం నడకకు వెళ్ళే మన సభ్యులు ఆ వంతెన కిందుగా వెళుతూ ఆ ఇద్దరినీ ఒకసారి తలచుకోవచ్చు.

ఇంకొక్క విన్నపం. 2022లో మునుగోడు ఉపఎన్నికలో 93 శాతం ఓట్లు పోలైతే, 2025 నవంబరులో మన నగరంలోని జూబ్లీహిల్స్ ఉపఎన్నికలో సగం మంది కూడా ఓటుకు రాలేదు. ఉపఎన్నికే కదా, ప్రభుత్వం మారదు కదా అని ఇంట్లో కూర్చోవడం నగరవాసులకు అలవాటైంది. మనం జీవితమంతా ఇతరుల ఓటుకు సీలు వేసి కాపలా కాసినవాళ్ళం. ఉపఎన్నిక ఎప్పుడు వచ్చినా మన ఓటు మనం వేయడమే కాక ఇంట్లో పిల్లలను కూడా వెంటబెట్టుకు వెళ్ళాలని మనవి.

కీర్తిశేషులు అంజయ్యగారికి మన సంఘం తరఫున నివాళి.